తలుపు కబ్జా చెప్పే తారీఖు

పాత ఫొటోల్లోని కార్లను గుర్తుపట్టడం గురించి హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. చాలామంది ఇంట్లోని పాత ఫొటోలు వెంట తెచ్చారు. పెండ్లి ఫొటోలున్నాయి, కాజీపేట రైల్వే క్వార్టర్ల ముందు దిగినవి ఉన్నాయి, ఆజంజాహి మిల్లు గేటు కాడివి ఉన్నాయి. అందరి ప్రశ్నా ఒకటే: ఈ కారు ఏది, ఏ సంవత్సరంది?

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని ముందే విడదీద్దాం. బండి తయారైన ఏడు వేరు, ఫొటో తీసిన ఏడు వేరు. మన ఊళ్ళల్లో కార్లు ఇరవై, ముప్ఫై ఏండ్లు తిరిగేవి. సొంత బండి ట్యాక్సీ అయ్యేది, ట్యాక్సీ పెండ్లి బండి అయ్యేది. కాబట్టి 1952 మోడల్ బండి కనిపించింది అంటే ఫొటో 1952 కంటే ముందుది కాదు అని మాత్రమే తేలుతుంది. ఎంత తర్వాతది అనేది బండి చెప్పదు. దానికి వెనకాల గోడ, కాగితం, వేసుకున్న బట్టలు సాక్ష్యం ఇవ్వాలి. మిల్లు కనిపిస్తే 1934 తర్వాత. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ బస్సు పక్కన నిలబడి ఉంటే 1932 జూన్ తర్వాత, ఎందుకంటే ఆ సర్వీసు 27 బస్సులతో మొదలైంది అప్పుడే. రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ భవనం ఉంటే 1959 తర్వాత.

ఇక బండి సంగతి. మనలో ఎక్కువమంది చూసే వరుసే తలకిందులుగా ఉంటుంది. ముందు బ్యాడ్జీ చదువుతారు, తర్వాత నంబరు ప్లేటు, తర్వాత ముందున్న జాలీ, అంటే గ్రిల్. ఈ మూడూ షెడ్డులో ఒక్క పూటలో మార్చేయగలిగినవి. మార్చలేనివి ముందు చూడాలి: టాపు వంపు, ముందరి పెద్దద్దం ఒకటే పలకా రెండు ముక్కలా, తలుపులెన్ని, వాటి కబ్జాలు (తలుపు తిరిగే కీళ్ళు) ఎటువైపు, మడ్‌గార్డులు విడిగా ఉన్నాయా బాడీలో కలిసిపోయాయా, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎంత. ఇవన్నీ రాసుకున్నాకే జాలీ దగ్గరికి పోవాలి. బ్యాడ్జీ, ప్లేటు అన్నింటికంటే ఆఖర్న.

తలుపు కబ్జాల మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ, అది చెప్పేది ఎక్కువ. తలుపు మూసి ఉంటే కబ్జా కనిపించదు కదా అంటారు. హ్యాండిల్ కనిపిస్తుంది. హ్యాండిల్ ఏ అంచున ఉంటే కబ్జా దానికి ఎదురు అంచున ఉంటుంది. నాలుగు తలుపుల బండిని పక్క నుంచి చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. ముందు తలుపు హ్యాండిల్, వెనక తలుపు హ్యాండిల్ రెండూ నడిమి కమ్మీకి (రెండు తలుపుల మధ్య నిలువు పట్టీకి) అటూ ఇటూ దగ్గరదగ్గరగా ఉన్నాయంటే వెనక తలుపు వెనక్కి తెరుచుకునే రకం. 1930ల్లో చాలా బండ్లు ఇట్లనే ఉండేవి, ప్లిమత్ 1948 దాకా ఇట్లనే ఉంది. ఒక్కో తలుపుకు వెనక అంచునే హ్యాండిల్ ఉంటే అది ఇప్పటి పద్ధతి; ల్యాండ్‌మాస్టర్, అంబాసిడర్ ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ఇక రెండు హ్యాండిళ్ళూ చెరో చివరకు పోయి, నడిమి కమ్మీ ఖాళీగా కనిపిస్తే ముందు తలుపు కబ్జాలు కూడా నడిమి కమ్మీకే ఉన్నాయన్నమాట. మన దగ్గరి ఫొటోల్లో ఆ రకం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది పాత ఫియట్ 1100.

తెర మీద ఉన్న ఈ నమూనా చూడండి. బారాత్ ఫొటో. జాలీ మొత్తం బంతిపూల దండల కింద ఉంది. బంపర్ ముందు పిల్లలు కూర్చున్నారు. బ్యాడ్జీ లేదు, ప్లేటు లేదు. కనిపించేవి ఏమిటి? పెద్దద్దం ఒకటే పలక, కొసలు కొంచెం వంపు తిరిగాయి. ఒక గుండ్రటి డూం, అంటే హెడ్‌లైటు, అది మడ్‌గార్డులోనే కూర్చుని ఉంది. ఫుట్‌బోర్డు లేదు. పెండ్లికొడుకు దిగుతున్నాడు కాబట్టి ముందు తలుపు తెరిచి ఉంది. అది ముందుకు కాదు, వెనక్కి తెరుచుకుంది, దాని అంచు డూం వైపు చూస్తోంది. ఈ ఒక్క సంగతితో అంబాసిడర్ పోయింది, ల్యాండ్‌మాస్టర్ పోయింది. ఒకటే పలక అద్దం, కలిసిపోయిన మడ్‌గార్డు, వెనక్కి తెరుచుకునే ముందు తలుపు, చిన్న ఒడ్డూ పొడవూ: ఇది ఫియట్ 1100-103 కుటుంబం. బొంబాయిలో డుక్కర్ అని పిలిచింది దీన్నే. ఆ డిజైను ఇటలీలో బయటికొచ్చింది 1953లో. ఇక్కడ ఫియట్లు తయారుచేసిన ప్రీమియర్ కంపెనీ వాళ్ళ డిలైట్ 1964లో వచ్చేనాటికి ముందు తలుపు కబ్జాలు ముందుకు మారాయి. కాబట్టి బండి 1953కీ 1964కీ మధ్యది. ఫొటో వెనక 1951 పెండ్లి అని రాసి ఉంటే ఆ రాతే తప్పు. 1971 అని రాసి ఉంటే తప్పని మాత్రం అనలేం.

ఇప్పుడు కాలాలు. బ్రాస్ రేడియేటర్ ఉన్న ఫోర్డ్ మోడల్ టీ 1916 వరకే. 1917 నుంచి రేడియేటర్ గూడు నల్ల రంగు. ఆ మోడల్ 1927తో ఆగిపోయింది. తర్వాత వచ్చిన మోడల్ ఏ ను రెండు భాగాలు చేయడానికి చక్రం చాలు: 1928, 29 బండ్లకు 21 అంగుళాల రిమ్ము, 1930, 31 వాటికి 19 అంగుళాలు. చక్రం చిన్నదై టైరు బలిసినట్టు కనిపిస్తే రెండోది. 1933, 34 ఫోర్డులు రెండూ ఒకటే అనిపిస్తాయి. బానెట్ పక్కన గాలి సందులు చూడండి, 1933వి వంకర గీతలు, 1934వి నిటారు గీతలు. బానెట్ పట్టుకునే హ్యాండిల్ 1933లో పక్కకు ఒకటి, 1934లో రెండు. డూంలు మడ్‌గార్డులోకి దిగిపోయింది ఫోర్డులో 1937లో, షెవర్లేలో 1940లో. 7 అంగుళాల సీల్డ్ బీమ్ దీపం అమెరికా బండ్లకు 1940 నుంచి. పెద్దద్దం ఒకటే పలక అయ్యింది ఫోర్డుకు 1952లో, షెవర్లేకూ ప్లిమత్‌కూ 1953లో. ఈ నాలుగైదు గుర్తులు నోటికి వస్తే అమెరికా బండి దశాబ్దం చెప్పడం కష్టం కాదు.

ఒక జాగ్రత్త. 1943 మోడల్ షెవర్లే, 1944 మోడల్ బ్యూయిక్ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనం కార్ల తయారీ యుద్ధం కోసం ఆపేశారు. 1945లో మళ్ళీ మొదలైనప్పుడు 1942 డిజైన్లకే పైపై మార్పులు చేసి అమ్మారు. ప్లిమత్‌లో 1946, 47, 48 బండ్లను ఫొటోలో విడదీయడం దాదాపు కుదరదు. అక్కడ 1946-48 అని రాసి ఆపేయడమే నిజాయితీ.

అమెరికా పుస్తకాలు పట్టుకుని మన ఫొటోలు గుర్తుపట్టబోతే ఇంకో చిక్కు వస్తుంది. ఇక్కడికి వచ్చిన ఫోర్డులు ఎక్కువగా కెనడా ఫ్యాక్టరీవి, కుడి చేతి స్టీరింగువి. బొంబాయిలో జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా విడిభాగాలు బిగించి అమ్మింది. కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు డాడ్జ్, ప్లిమత్, డిసోటో మూడూ బిగించారు. అందులో డాడ్జ్ కింగ్స్‌వే అనేది నిజానికి ప్లిమత్ బాడీకి డాడ్జ్ ముఖం పెట్టింది. డిసోటో డిప్లొమాట్ కూడా అదే బాడీ, ముఖం మాత్రం డిసోటోది. అమెరికాలో అమ్మిన డాడ్జ్, డిసోటో బాడీలు వేరు. అందుకే వెనక నుంచి తీసిన ఫొటో పంపి ఇది డాడ్జా ప్లిమతా అని అడిగితే, ప్లిమత్ బాడీ, ముఖం కనిపించనిదే పేరు చెప్పలేం అనడమే సరైన జవాబు. నేను ముందు జాలీని ఆఖర్న చూడమన్నాను కదా, ఈ మూడింటి దగ్గర మాత్రం జాలీయే తేల్చాలి.

పెద్ద పాత బండి కనిపిస్తే చాలు, నిజాం గారి రోల్స్ రాయిస్ అనేయడం మన దగ్గర ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన పసుపు పచ్చ సిల్వర్ ఘోస్ట్, 1912ది, బార్కర్ అనే బాడీలు కట్టే కంపెనీ వాళ్ళ బాడీది, చౌమహల్లాలో ఉంది. వెళ్ళి దాని రేడియేటర్ ఒకసారి చూసి రండి. పైన పలక అంచులు పదునుగా ఉంటాయి, పక్కలు నిటారుగా దిగుతాయి, గుండ్రదనం ఉండదు. ఫొటోలో రేడియేటర్ భుజాలు గుండ్రంగా జారి ఉంటే అది రోల్స్ కాదు, ఎంత పెద్దదైనా.

ఇక జీపులు. ఉత్తర తెలంగాణ ఫొటోల్లో కార్ల కంటే ఇవే ఎక్కువ. అడవి శాఖ, పోలీసులు, సింగరేణి, కాంట్రాక్టర్లు, అన్నిచోట్లా జీపే. ముందు జాలీలో సందులు లెక్కపెట్టండి. తొమ్మిది సందులుంటే యుద్ధకాలపు బండి, విల్లీస్ ఎంబీ గానీ ఫోర్డ్ జీపీడబ్ల్యూ గానీ. ఏడు సందులుంటే యుద్ధం తర్వాతి సివిల్ జీపు. యుద్ధపు జీపు డూంలు చిన్నవి, జాలీ రేకుకు వెనక కూర్చుంటాయి. సివిల్ జీపువి పెద్దవి, రేకు మీదికి వస్తాయి. వెనక నుంచి తీసిన ఫొటో అయితే డాలా, అంటే వెనక పలక, చూడాలి. కిందికి వాలే డాలా ఉంటే సివిల్, రేకు మూసి ఉండి స్టెప్నీ దాని మీదే బిగించి ఉంటే యుద్ధపుది. విల్లీస్, ఫోర్డ్ రెండింటినీ విడదీయడానికి రేడియేటర్ కింద ఛాసిస్ అడ్డ కమ్మీ కనిపించాలి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన దొన్నెలా చదరంగా ఉంటే ఫోర్డ్. కాకపోతే ఆ భాగం మీద సాధారణంగా నీడ ఉంటుంది, అక్కడ బలవంతంగా పేరు పెట్టొద్దు.

సివిల్ జీపుల్లో సీజే-2ఏకు ముందరి అద్దం రెండు ముక్కలు. సీజే-3ఏ నుంచి ఒకటే పలక. బానెట్ ఎత్తుగా, మూతి నిటారుగా లేచి, డూంల పైన రేకు వెడల్పుగా మిగిలి ఉంటే అది సీజే-3బీ, 1953 తర్వాతది. ఎత్తు బానెట్ ఎందుకంటే లోపలి ఇంజిను ఎత్తు పెరిగింది. మహీంద్రా జీపు అనగానే మనకు కళ్ళ ముందు కనబడేది ఆ మూతే. 1948 సెప్టెంబరు పోలీసు చర్యనాటి ఫొటో అని చెప్పి ఎత్తు బానెట్ జీపు చూపిస్తే, ఆ ఫొటో ఆనాటిది కాదని అక్కడికక్కడే చెప్పవచ్చు.

ఎడమ చేతి స్టీరింగు ఉంటే ఫొటో తిరగబడి ముద్రించారని కొందరు వెంటనే అనేస్తారు. కారు అయితే ఆ అనుమానం న్యాయమే. జీపు అయితే కాదు, సైన్యం అమ్మేసిన యుద్ధపు జీపులు ఎడమ చేతివే. తిరగబడిందో లేదో తేల్చడానికి మగవాళ్ళ చొక్కా చూడండి. గుండీల పట్టీలో వేసుకున్న మనిషికి ఎడమ పక్క బట్ట పైన ఉండాలి. ప్లేటు మీద ఒక్క అక్షరమైనా కనబడితే ఇంకా మంచిది.

అంబాసిడర్ దగ్గరికి వద్దాం. బెంగాల్‌లో ఉత్తరపారా దగ్గరి హిందుస్తాన్ మోటార్స్ ఫ్యాక్టరీ నుంచి 1954లో ల్యాండ్‌మాస్టర్, 1957లో అంబాసిడర్. ముందు నుంచి కంటే వెనక నుంచి వీటిని విడదీయడం సులువు. అంబాసిడర్ వెనక మడ్‌గార్డుల పైన చిన్న రెక్కల్లాంటి అంచు లేస్తుంది, ల్యాండ్‌మాస్టర్‌కు ఆ అంచు లేదు, జారిపోతుంది. అంబాసిడర్ మార్క్-2 1963లో చిన్న చిన్న గళ్ళ జాలీతో వచ్చింది. మార్క్-3 1975లో. మార్క్-4 1979లో, గుండ్రటి పార్కింగ్ దీపాలు పోయి చదరపు దీపాలు, పక్కన విడిగా పసుపు ఇండికేటర్లు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు. బాడీ మారలేదు కాబట్టి మార్క్-1 బండికి మార్క్-2 జాలీ చక్కగా పడుతుంది, ట్యాక్సీవాళ్ళు దొరికింది పెట్టేవాళ్ళు. చదరపు దీపాలు ఉంటే ఫొటో 1979 తర్వాతది అనవచ్చు. బండి కూడా 1979 తర్వాతదే అనకూడదు. ఫియట్‌లో డిలైట్ 1964, ప్రెసిడెంట్ 1972, పద్మిని 1974 నుంచి. ఇవి పేర్ల తేడాలే ఎక్కువ, బ్యాడ్జీ చదవలేకపోతే డిలైట్-పద్మిని కుటుంబం అని రాస్తే చాలు.

లారీల మీద ఒక్క మాట. టాటా లారీ మూతి మీద బెంజ్ మూడు కొమ్మల నక్షత్రం ఉంటే ఆ లారీ 1954-1969 మధ్యది. టాటాకూ బెంజ్‌కూ మధ్య ఒప్పందం ఆ పదిహేనేండ్లు నడిచింది.

అసలు ఏ గుర్తూ లేనప్పుడు కొలత పనికొస్తుంది. పక్క నుంచి తీసిన ఫొటో కావాలి. రెండు చక్రాల నడిమి బిందువుల మధ్య దూరం స్కేలుతో కొలవండి, దాన్ని టైరు పూర్తి ఎత్తుతో భాగించండి. అంబాసిడర్ చక్రాల దూరం 97 అంగుళాలు, టైరు 5.90-15, అంటే వెడల్పు 5.90 అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు. పాత టైరు ఎత్తు అంటే రిమ్ముకు వెడల్పు రెండుసార్లు కలపాలి, అంటే సుమారు 26.8. భాగిస్తే 3.6. ఫియట్ 1100కు 2340 మిల్లీమీటర్లు, అంటే సుమారు 92 అంగుళాలు, టైరు 5.20-14, భాగిస్తే 3.8 దగ్గర. 1949-52 షెవర్లే 115 అంగుళాలు, టైరు 6.70-15, అంటే 4 దాటుతుంది. యుద్ధపు జీపు 80 అంగుళాలు, 6.00-16 టైరు, 2.9కి తక్కువ. ఈ లెక్క పెద్ద తేడాలనే పట్టిస్తుంది. మోరిస్ మైనర్‌కు చేసి చూడండి, 86 అంగుళాలు, 5.00-14 టైరు, మళ్ళీ 3.6 వస్తుంది. మైనరా అంబాసిడరా అన్నది ఈ లెక్క చెప్పదు.

బండి ఏటవాలుగా నిలబడి ఉంటే చక్రం కోడిగుడ్డు ఆకారంలో కనబడుతుంది. అప్పుడు చక్రం అడ్డం కొలతను నిలువు కొలతతో భాగించండి. 0.8 వచ్చిందనుకోండి, కొలిచిన చక్రాల దూరాన్ని 0.8తో భాగిస్తే అసలు దూరానికి దగ్గరకొస్తారు. కెమెరాకు దగ్గరి చక్రం పెద్దగా పడుతుంది, కాబట్టి టైరు ఎత్తు రెండు చక్రాలదీ తీసుకుని సగటు వేయండి. 0.7కు తగ్గితే ఈ లెక్క వదిలేయండి, తప్పు ఎక్కువైపోతుంది.

నంబరు ప్లేటు ఆఖర్న అన్నాను. బీ.ఎం. అక్షరాలు బొంబాయివి, ఎం.ఎస్. మద్రాసు రాష్ట్రానివి. బండి ఎక్కడ రిజిస్టరైందో అవి చెబుతాయి, ఫొటో ఎక్కడిదో చెప్పవు. ఏపీ-36 అని ఉంటే వరంగల్, 1989 జూలై తర్వాత. అదే ఏపీ-15 కరీంనగర్, ఏపీ-1 ఆదిలాబాద్, ఏపీ-25 నిజామాబాద్. పాత బండికి కొత్త నంబరు ఉండటం మామూలే.

యుద్ధకాలానికి వేరే గుర్తులున్నాయి. కారు వెనక గానీ బస్సు వెనక గానీ నిలువు డ్రమ్ము బిగించి, దాని నుంచి గొట్టం ముందుకు పోతుంటే అది బొగ్గు గ్యాసు ప్లాంటు. పెట్రోలు దొరకని 1940ల తొలి ఏండ్లది. డూంల మీద సన్నటి చీలిక ఉన్న మూతలు, మడ్‌గార్డు అంచులకు తెల్ల రంగు కూడా అప్పటివే.

జాతర్లలో, స్టూడియోల్లో చెక్కతో, అట్టతో చేసిన కారు బొమ్మ వెనక కూర్చోబెట్టి తీసిన ఫొటోలుంటాయి. టైరు కింద నీడ లేకపోతే, చక్రం నేలకు ఒక్క గీతలా తగిలి ఉంటే, దాని మోడల్ వెతకొద్దు. అది పెయింటరు ఊహ. ఆ ఫొటోలు విలువైనవే, వాటిని వేరే కవరులో దాచుకోండి.

రంగు మాత్రం చెప్పకండి. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, ఎర్ర కారు నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పడుతుంది. మెరూన్ బండి అని ఇంట్లో పెద్దలు అంటే ఆ మాట రాసుకోండి, వాళ్ళ మాటగానే రాసుకోండి.

ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయండి. కాగితం వెనక అగ్ఫా-గెవర్ట్ అని రెండు పేర్లూ కలిసి ఉంటే ఆ ప్రింటు 1964 తర్వాతది, ఆ రెండు కంపెనీలు కలిసింది అప్పుడే. నెగటివ్ పాతదై ప్రింటు తర్వాత తీయించి ఉండవచ్చు, అది గుర్తుంచుకోండి. బాల్‌పెన్ రాత చాలాసార్లు తర్వాత ఎవరో జ్ఞాపకం మీద రాసింది.

స్కానింగు సంగతి. పోస్టుకార్డు సైజు ప్రింటుకు 600 డీపీఐ. క్లిక్-3 లాంటి డబ్బా కెమెరాలతో తీసిన 6 సెంటీమీటర్ల చదరపు ప్రింట్లకు 1200. నెగటివ్‌కు 2400. నలుపు తెలుపు ఫొటో అయినా రంగులోనే స్కాన్ చేయాలి, పసుపు మరకను తర్వాత వేరు చేయడానికి వీలుంటుంది. టిఫ్ ఫైలు దాచుకుని, పంపడానికి జేపెగ్ తీసుకోండి. గరుకు కాగితమైతే ఒకసారి నేరుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేసి రెండూ ఉంచండి, చుక్కల నీడ ఒకదాంట్లో అటు, ఒకదాంట్లో ఇటు పడుతుంది, ఏది నిజం గీతో తెలుస్తుంది. స్కానరు లేకపోతే కిటికీ పక్కన ఫొటోను నేల మీద పరిచి, ఫోను వెనక నల్ల బట్ట పట్టుకుని నిటారుగా పైనుంచి తీయండి.

ఫొటోను కత్తిరించి కారు ఒక్కటే పంపొద్దు. వెనక గోడ, పక్క మనిషి, నీడ అన్నీ సాక్ష్యాలే. ఇంకోటి, దీన్ని గట్టిగా చెబుతాను: ఫోనులో మసక ఫొటోను స్పష్టం చేసే యాప్‌లు వాడిన కాపీ పంపకండి. అవి లేని జాలీ గీతలను, లేని అక్షరాలను పుట్టిస్తాయి. ఏడు సందులా తొమ్మిదా అని లెక్కపెట్టుకునే మనకు అది విషమే.

జవాబు ఇచ్చేటప్పుడు నాలుగు సంగతులు రాయండి: బండి పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏం చూసి అన్నారు, ఎంత నమ్మకం. ఒకరు ఫియట్ అని, ఇంకొకరు అంబాసిడర్ అని అంటే చేతులెత్తి లెక్కపెట్టడం వద్దు, ఎవరు ఏ గుర్తు చూపించారో దాన్ని పరీక్షించండి. ఫొటోలోని మనుషుల పేర్లు వాళ్ళ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. అద్దం ఫ్రేముకు అంటుకుపోయిన ఫొటోలు తెచ్చినవాళ్ళు వాటిని లాగొద్దు, పొర ఊడి అద్దానికే మిగిలిపోతుంది. అద్దంతో సహా అట్లనే ఇవ్వండి, వాటిని పక్క వెలుతురులో కెమెరాతో తీద్దాం. జిగురు ఆల్బమ్‌ల పేజీలు కూడా అంతే, పేజీ మొత్తం ఒకేసారి స్కాన్ అవుతుంది. ముందు జీపుల ఫొటోలు ఉన్నవాళ్ళు రండి.